ఒక గంట ముందుకు జరిగిన ఊరు

టైము చెప్పి బతికిన మనిషిని నేను. రేడియోలో పాటకూ పాటకూ మధ్య, వార్తలకు ముందు, "ఇప్పుడు సమయం" అంటూ గంటలూ నిమిషాలూ చదవడంలోనే జుట్టు నెరిసింది. రిటైరయ్యాక కూడా ఎవరింటికి వెళ్ళినా ముందు గోడ గడియారం వైపే చూస్తాను. అందుకే కిందటి చలికాలం తెనాలిలో మా గ్రంథాలయం వాళ్ళు ఏదైనా విషయం మీద మాట్లాడమంటే గడియారాల గురించే మాట్లాడాను.

చాలా దేశాల్లో ఎండాకాలం రాగానే గడియారాన్ని గంట ముందుకూ, చలికాలంలో గంట వెనక్కూ తిప్పుతారు. ఈ ఆలోచన మొదట చేసినవాళ్ళలో న్యూజిలాండు తపాలా ఉద్యోగి ఒకాయన ఉన్నాడు. పురుగులు సేకరించడం ఆయన సరదా. డ్యూటీ దిగాక ఇంకాస్త వెలుగుంటే బాగుండునని ఆయన ఆశ. ఇంగ్లండులో ఇళ్ళు కట్టించే మరొకాయన పొద్దున్నే గుర్రం మీద తిరుగుతూ, ఇంత వెలుగొచ్చినా జనం ఇంకా కిటికీలు మూసుకుని పడుకున్నారని బాధపడ్డాడు. చచ్చేదాకా చెప్పుకు తిరిగినా ఆయన మాట చెల్లలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో బొగ్గు ఆదా చెయ్యాల్సి వచ్చినప్పుడు జర్మనీ ముందు తిప్పింది, ఆ వెనకే మిగతావాళ్ళు తిప్పారు. రెండో యుద్ధంలో మన దేశంలోనూ గంట ముందుకు జరిపారు. పెళ్ళి ముహూర్తం పాత టైములోనా, కొత్త టైములోనా అని మా అమ్మమ్మ వాళ్ళింట్లో పెద్ద తగువే అయిందట. ఇప్పుడు ఐరోపాలో ఈ తిప్పడం మానేద్దామని పార్లమెంటులో ఓటేసుకున్నారు గానీ, మానేసి ఏ టైములో ఉండిపోవాలో తేలక ఇంకా తిప్పుతూనే ఉన్నారు.

ఇదంతా చెప్పి ఇంటికొచ్చాను. ఎవరో ఫోనులో తీసి నలుగురికీ పంపారు. మార్చి నెలలో ఒక కొత్త నంబరు నుంచి ఫోను వచ్చింది. అనంతపురం జిల్లా బెళుగుప్ప దగ్గర ఒక పల్లెలో బడి పిల్లలకు పాఠాలు చెప్పే నాగవేణి అనే టీచరు.

"మేడం, మీరు ఆ దేశాల కొట్లాట చెప్పినారు కదా. మా ఊళ్ళో గడియారం ముట్టుకోకుండానే గంట ముందుకు మార్చినారు. ఈడా కొట్లాటే జరుగుతాండాది. మా ఇంట్లో ఉండొచ్చు, వచ్చి చూడండి" అంది.

ఊరికే కూర్చున్నదాన్ని. వెళ్ళాను. ఊరి పేరు మాత్రం రాయొద్దని అక్కడివాళ్ళు కోరారు కాబట్టి రాయడం లేదు.

కళ్యాణదుర్గం

అనంతపురంలో రైలు దిగి బస్సులో కళ్యాణదుర్గం చేరేసరికి ఆకలి దంచేస్తోంది. బస్టాండు ఎదుట ఒక చిన్న హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ చెప్పాను. ముప్పై రూపాయలు. నానబెట్టిన బొరుగులు పిండి, తాలింపు పెట్టి, పప్పుల పొడి చల్లి ఇస్తారు. మా వైపు బొరుగులంటే సాయంత్రం పిల్లలు నమిలే చిరుతిండి. ఇక్కడ అదే కడుపు నింపే టిఫిను. బజ్జీలో మిరపకాయను మా ఊరి మిరపకాయ అనుకుని సగం కొరికాను. ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. హోటలాయన నవ్వకుండా మజ్జిగ గ్లాసు తెచ్చి పెట్టాడు.

ఆయన పేరు మస్తాన్. రంజాన్ నెల అది. తాను గుక్కెడు నీళ్ళు ముట్టకుండా ఊరందరికీ టీలు పోస్తున్నాడు. ఎక్కిళ్ళు తగ్గాక మాటల్లో పడ్డాం. మొరాకో అనే దేశంలో రంజాన్ నెల రాగానే గడియారాన్ని గంట వెనక్కి తిప్పుతారని చెప్పాను.

ఆయన టీ వడపోత దించి నా వైపు చూశాడు. "తిప్పితే పొద్దు బిన్నా మునుగుతాదా అమ్మా?"

"త్వరగా ఏం మునగదు. ఉపవాసం విడిచే వేళ గడియారంలో గంట ముందుగా కనిపిస్తుంది, అంతే."

"అట్లయితే వాళ్ళు కడుపుకు చెప్పల్ల, గడియారానికి కాదు" అని మళ్ళీ టీ వడగట్టడంలో పడ్డాడు. మజ్జిగకు డబ్బు తీసుకోలేదు.

బెళుగుప్ప దారి

షేర్ ఆటో నలభై రూపాయలు. ముందు సీట్లో డ్రైవరుకు అటొకరు ఇటొకరు, వెనక మేము ఎంతమందిమో నాకు లెక్క తెగలేదు. నా ఒళ్ళో ఎవరిదో సంచి, నా సంచి ఇంకెవరి ఒళ్ళోనో. డ్రైవరు కన్నడ పాటలు పెట్టాడు, అందరూ తెలుగులో మాట్లాడుకుంటున్నారు, మధ్యమధ్య ధరల మాట వస్తే "దుడ్లు" అంటున్నారు.

దారికి రెండు పక్కలా ఎర్రమట్టి. చెనక్కాయ, అంటే మా వేరుశనగ, ఎప్పుడో పీకేశారు. ఖాళీ చేలల్లో గొర్రెలు తలలు వంచి ఏవో వెతుక్కుంటున్నాయి. దిబ్బల మీద పెద్ద గాలిమరలు తిరుగుతున్నాయి. మా తెనాలి దగ్గర ఏ దిక్కు చూసినా కాలవో, కాలవ గట్టో కళ్ళకు అడ్డొస్తుంది. ఇక్కడ చూపుకు అడ్డం లేదు. నా పక్కన కూర్చున్నావిడ నేను బయటికి అలా చూడడం గమనించి, "వానలు పడితే బాగుంటాది అమ్మా, అప్పుడు రావల్ల నువ్వు" అంది, తన ఇల్లు సర్దుకోక ముందే చుట్టం వచ్చినట్టు.

రెండు బకెట్లు

నాగవేణికి ముప్పై ఐదు దాటి ఉండవు. కళ్యాణదుర్గం అమ్మాయి. ఉద్యోగం ఉన్న పల్లెలోనే ఇల్లు తీసుకుని ఉంటోంది. జొన్నరొట్టె, చెనక్కాయల పొడి, వంకాయ కూర పెట్టి, నేను తింటుండగా ఊరి గొడవ చెప్పింది.

ఎండాకాలంలో ప్రభుత్వం కూలీలకు చూపే మట్టి పనిని అక్కడ ఇప్పటికీ కరువు పని అంటారు. ఊరి బయట గుట్ట వాలులో వాన నీళ్ళు ఆపడానికి కందకాలు తవ్వుతున్నారు. ఎండాకాలం పని ఎప్పుడూ ఏడు గంటలకు మొదలయ్యేది. కిందటేడు ఓబులేసు అనే మనిషి మిట్టమధ్యాహ్నం కందకంలోనే ఎండదెబ్బకు పడిపోయాడు, ఆసుపత్రి చేరకుండానే పోయాడు. అందుకని ఈ ఏడు కూలీలంతా కూర్చుని పని ఆరుకు మార్చుకున్నారు. ఎండ ముదరక ముందే ఇల్లు చేరొచ్చని.

"మంచి మాటే కదా" అన్నాను.

"మంచిదే మేడం. కానీ ఊళ్ళోకి కొళాయి నీళ్ళు వచ్చేదీ ఆరుకే. దినానికి ఒకే తూరి. ఇంట్లో ఇంకో మనిషి ఉంటే నీళ్ళు పట్టి పెడతారు. లేనోళ్ళ గతి?"

లేనివాళ్ళలో సువార్తమ్మ ఒకావిడట. భర్త బెంగుళూరులో ఇటుకల పనిలో ఉన్నాడు. అత్త మంచం మీద ఉంది. కూతురు గ్రేసి మూడో తరగతి, బిందె ఎత్తలేదు. పక్కింటివాళ్ళు రెండు రోజులు పట్టిపెట్టి, మూడో రోజు మొహం చాటేశారు. వారం నుంచి సువార్తమ్మ పనికి ఆలస్యంగా పోవడం, అప్పటికే పేర్లు పిలవడం అయిపోవడం, వెనక్కి తిరిగి రావడం. ఇలాగే సాగితే అత్తనూ పిల్లనూ తీసుకుని తానూ బెంగుళూరు వెళ్ళిపోతానంటోంది.

"గ్రేసి మా బడిలో అందరికంటే బాగా చదువుతాది. పోతే ఇంక చదువు యాడిది? ఆ ఇటుకల కాడ ఉంటాది" అంది నాగవేణి. గడియారాల కోసం కాదు, ఈ పిల్ల కోసమే నన్ను పిలిచిందని అప్పటికి నాకు అర్థమైంది. ఊళ్ళోవాళ్ళు తన మాట వినకపోయినా బయటి మనిషి మాట వింటారేమోనని.

ప్రయాణపు దుమ్ము పోవాలని స్నానానికి వెళ్ళాను. గదిలో రెండు బకెట్లు నిండుగా ఉన్నాయి. రెండూ పోసుకుని హాయిగా బయటికొచ్చాను. కాసేపయ్యాక నాగవేణి గిన్నెలు కడగడానికి పక్కింట్లో చెంబుతో నీళ్ళు అడుగుతుంటే విన్నాను. ఆ రెండు బకెట్లే మర్నాటి పొద్దుటి దాకా ఆ ఇంటికి. కాలవ ఒడ్డున పుట్టిన నాకు ఆ ఆలోచనే రాలేదు. ఆ తర్వాత అక్కడున్నన్నాళ్ళూ ఒక చెంబుతోనే సరిపెట్టుకున్నాను. సరిపోయింది కూడా.

గుట్ట వాలు

మర్నాడు తెల్లవారకముందే నాగవేణి నన్ను పని దగ్గర వదిలి, నీళ్ళు పట్టుకోవడానికి వెనక్కి పోయింది. ఒంటిపూట బడులు మొదలయ్యాయి కాబట్టి బడి గంటా ముందుకు జరిగింది, పని గంటా ముందుకు జరిగింది. నీళ్ళ గంట ఒక్కటే ఉన్నచోట ఉంది.

అప్పుడే వెలుగొస్తోంది. కూలీలు పారలు, గంపలు పెట్టుకుని నిలబడ్డారు. వాళ్ళ గుంపు పని చూసే మేటు తిప్పేస్వామి, నలభై ఏళ్ళ మనిషి, పేర్లు పిలిచి, అందరినీ నిలబెట్టి హాజరు కోసం ఫోనుతో ఫోటో తీశాడు. అందులో లేనివాళ్ళకు ఆ రోజు కూలి లేదు. పని మొదలై చాలాసేపయ్యాక కింద దారిలో ఒకావిడ పరుగులాంటి నడకతో రావడం కనిపించింది. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా తడిసి ఉన్నాయి.

"అన్నా, ఈ ఒక్క పొద్దు రానీయన్నా" అంది. ఆమే సువార్తమ్మ.

తిప్పేస్వామి ఆమె మొహం వైపు చూడలేదు. "ఫోటో అయిపోయిందమ్మా. నేనేం చేసేది? ఎవురికీ లేంది నీకొక్కదానికి ఎట్ల చేసేది?"

"నీళ్ళు పట్టుకోకుండా ఎట్ల వచ్చేదన్నా?"

"నన్నడిగితే?"

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, వచ్చిన దారినే వెళ్ళింది. కందకంలో ఉన్నవాళ్ళు కాసేపు పారలు ఆపి చూశారు. అందులో ఒక నడివయసు ఆడమనిషి అందరికంటే ఎక్కువసేపు చూసింది.

తిప్పేస్వామి నా దగ్గరికొచ్చి, నేను అడగకుండానే అన్నాడు. "నేను చెడ్డోన్ని కాదమ్మా. పోయినేడు ఓబులేసన్నను మోసుకొని రోడ్డు దాకా పోయినోన్ని నేను. ఇంగోతూరి మోయలేను."

సాయంత్రం మాట

ఆ సాయంత్రం బడి వరండాలో నాగవేణి అందరినీ కూర్చోబెట్టింది. రేడియోలో టైము చెప్పిన అమ్మ వచ్చిందని చెబితే చాలామందే వచ్చారు. అప్పటికే నాకు "రేడియోఅమ్మ" అని పేరు పెట్టేశారు.

పొద్దున అంతసేపు చూసిన ఆడమనిషి ముందుగా లేచింది. లింగమ్మ. ఓబులేసు భార్య.

"ఆ పొద్దు సంగటి తిని పోయినాడు. కొలత పూర్తి కావల్లని పొద్దు నెత్తి మీదికొచ్చినా తవ్వతానే ఉండినాడు. గంట ముందు మొదలుపెట్టింటే గంట ముందే ఇంటికొచ్చేటోడు. నాకు ఇంతకంటే ఏమీ తెలీదు" అని కూర్చుంది.

నేను చెబుదామనుకున్న మాటలన్నీ పక్కన పెట్టేశాను. సువార్తమ్మ లేచింది.

"అక్కా, నీ మాట కాదనేదానికి నాకు నోరు రాదు. ఆరుకే పోదామని నేనూ అంటాండా. నా బాధ పనితో కాదు, నీళ్ళతో. ఒక్క మనిషిని, రెండు చోట్ల ఎట్ల ఉండల్ల?" అని నా వైపు తిరిగింది. "అమ్మా, ఆ దేశాల్లో గంట ముందుకు తిప్పుతారంట కదా. ఆడ నీళ్ళు గూడా గంట ముందొస్తాయా?"

"అక్కడ గడియారాన్నే తిప్పుతారు కాబట్టి బస్సు, బడి, ఆఫీసు, కొట్టు అన్నీ ఒక్కసారే జరుగుతాయి. ఒకటి జరిగి ఇంకొకటి ఉండిపోవడం ఉండదు. అలాగని అందరికీ ఇష్టం కాదు. పాడి రైతులూ, చంటిపిల్లల తల్లులూ వద్దంటారు. ఆవుకూ పసిబిడ్డకూ గడియారం తెలియదు కదా. ఇక నీళ్ళంటావా, అక్కడ కొళాయిలో ఎప్పుడూ ఉంటాయి."

"ఎప్పుడూనా?" అంది లింగమ్మ.

"ఎప్పుడూ."

"అందుకే వాళ్ళకు గడియారంతో కొట్లాడేదానికి తీరిక ఉండాది" అన్నాడు తిప్పేస్వామి. వరండాలో మొదటిసారి నవ్వు వినబడింది.

నిజానికి ఆ దేశాలవాళ్ళు గడియారం తిప్పేది వెలుగు కోసం. వాళ్ళకు ఎండాకాలం పగలు చాలా పొడుగు. మనకు పగలు ఏడాది పొడుగునా పెద్దగా మారదు, మారేది ఎండ. ఈ ఊరు గంట జరిగింది ఎండను తప్పించుకోవడానికి. ఆ మాట చెప్పబోయేంతలో మోటారు సైకిలు ఆగింది. నీళ్ళు వదిలే ఎర్రిస్వామి.

అందరూ అతని మీద పడ్డారు. నీళ్ళు ఐదుకే వదలొచ్చు కదా అని. అతను బండి దిగకుండానే జవాబిచ్చాడు.

"ట్యాంకు ఒకటి, ఊర్లు రెండు. రాత్రంతా నిండితే పొద్దున మీకు, పగలు నిండితే సాయంత్రం పక్కూరికి. ఐదుకు వదిలితే నిండని ట్యాంకు వదిలినట్లు. కింద వీధులకు సుక్క రాదు. మార్చుకోవల్లంటే వాళ్ళూ మీరూ మార్చుకోండి. రెండూర్లూ ఒప్పుకుంటే నాకేమి, ఎట్ల తిప్పమంటే అట్ల తిప్పుతా."

ఆ మార్చుకోవడమే కుదరని పని. ఆ ట్యాంకు ఏ ఊళ్ళో కట్టాలన్న దగ్గర ఎప్పుడో ఈ రెండు ఊళ్ళకూ పెద్ద తగువైందట. కర్రల దాకా పోయిందట. అప్పటి నుంచి పెళ్ళిళ్ళకు పిలుచుకుంటారు, పంటల మాట మాట్లాడుకుంటారు గానీ నీళ్ళ మాట ఎత్తరు.

"ఆ ఊళ్ళో ఆడోళ్ళు మారెక్క మాట వింటారు" అంది సువార్తమ్మ. "మిరపకాయ కోతకు దినామూ కణేకల్ పక్క పోతాండారు. నేను పోయి అడుగుతా."

"ఊరికి పోవద్దు" అంది లింగమ్మ. "ఊరికి పోతే మొగోళ్ళు చేరుతారు. పాత కథ తీస్తారు. పనికాడికే పోదాం. నేనూ వస్తా."

సువార్తమ్మ ఆమె వైపు అలాగే చూసింది. లింగమ్మకు నీళ్ళ ఇబ్బంది లేదు. ఇంట్లో పట్టేవాళ్ళున్నారు. వస్తే ఒక రోజు కూలి పోతుంది. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు.

కణేకల్

మర్నాడు సువార్తమ్మ, లింగమ్మ, నేను ముగ్గురం ఆటో ఎక్కాం. దారి పొడుగునా ఎర్రగా, ఎండిపోయి ఉన్న నేల ఒక మలుపు దగ్గర ఉన్నట్టుండి పచ్చబడింది. కాలవ నీళ్ళు అందే భూములు. వరి కోతకొచ్చింది. కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. నీళ్ళు పారే చప్పుడు వినగానే నాకు ఇంటికొచ్చినట్టు అనిపించింది. పక్కకు చూస్తే నా ఇద్దరు స్నేహితురాళ్ళూ ఆ నీళ్ళనే చూస్తున్నారు. సువార్తమ్మ ఆటో దిగగానే కాలవలోకి దిగి మొహం, చేతులు, మెడ కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. లింగమ్మ గట్టు మీద కూర్చుని పాదాలు నీళ్ళలో పెట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు.

మిరప చేను దగ్గరికి వెళ్ళేసరికి ఘాటుకు నాకు తుమ్ములు మొదలయ్యాయి. చేలో ఉన్న పాతికమంది ఆడవాళ్ళూ నడుములెత్తి, తుమ్ముతున్న ఈ కొత్త మనిషి ఎవరా అని చూశారు. ఆ విధంగా మా రాయబారం మొదలైంది.

మారెక్క భారీ మనిషి. తలకు తువ్వాలు చుట్టుకుని, చేతులకు పాత సాక్సులు తొడుక్కుని ఉంది. సువార్తమ్మ ఊరి పేరు చెప్పి, "నీళ్ళ మాట మాట్లాడల్లని వచ్చినాం" అనగానే మొహం గట్టిపడింది.

"ట్యాంకు కథ అయితే నాతో వద్దు. మా ఊళ్ళో పెద్దోళ్ళు ఉండారు, ఆడ అడుగు."

లింగమ్మ ముందుకొచ్చింది. "ట్యాంకు మాట కాదు. పోయినేడు కరువు పనిలో ఎండకు చచ్చిపోయిన ఓబులేసు పెండ్లాన్ని నేను."

మారెక్క చేతుల సాక్సులు తీసేసి, గెనం, అంటే చేని గట్టు, మీద కూర్చుని, పక్కన చోటు చూపించింది. "అయ్యో. నువ్వేనా. విన్యాం అప్పుడు. కూర్చో."

లింగమ్మ అంతా చెప్పింది. తన భర్త పోయినందుకే పని గంట ముందుకు జరిగిందనీ, దానివల్ల ఈమెకు పని పోతోందనీ, ఆ పాపం తనకొద్దనీ చెప్పింది. సువార్తమ్మ తల వంచుకుని మట్టిబెడ్డ నలుపుతూ వింది.

"పొద్దున నీళ్ళు మాకిచ్చి, సాయంత్రం నీళ్ళు మీరు తీసుకుంటామంటారు, అంతే కదా?" అంది మారెక్క. అక్కడున్న ఆడవాళ్ళంతా ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"అంతే అక్కా" అంది సువార్తమ్మ, "పొద్దునవి మీరు తీసుకోండి, సాయంత్రానివి మాకియ్యండి."

మారెక్క తువ్వాలు విప్పి మొహం తుడుచుకుంది. "సాయంత్రం నీళ్ళొదిలే యాళకు మేము ఈ చెట్ల మధ్యనే ఉంటాం. ఇంట్లో ముసలోళ్ళు పట్టిందే పట్టింది. ఆటో వచ్చేది ఏడుకు, మాకు పొద్దున నీళ్ళయితే పట్టిపెట్టుకొని ఎక్కేదానికి సరిపోతాది. ఎన్నో తూర్లు అడగల్లనుకున్యాం. మీరు ఇయ్యరని అడగలే."

"మేమూ అట్లే అనుకున్యాం" అంది సువార్తమ్మ.

మారెక్క ఒక షరతు పెట్టింది. వానలొచ్చి విత్తనం వేసే రోజులు రాగానే మళ్ళీ పాత పద్ధతికి రావాలి. అప్పుడు వాళ్ళకు పొద్దున్నే సొంత చేలల్లో పని ఉంటుంది. ఎండాకాలానికి ఒక వేళ, వానాకాలానికి ఒక వేళ. గడియారం తిప్పే దేశాల్లో పార్లమెంట్లలో చేసే చట్టం ఇలాంటిదే. ఇక్కడ మిరప చేను గెనం మీద అయింది. నేను దానికి చేసిన సాయం తుమ్మడం.

మధ్యాహ్నం దాకా మమ్మల్ని వెళ్ళనివ్వలేదు. సద్ది మూటలు విప్పి జొన్నరొట్టెలూ, గోంగూర పచ్చడీ, ఉల్లిపాయలూ పంచారు. మూడు పూటలా అన్నం తినే నాకు రొట్టెతో కడుపు నిండదేమో అనుకునేదాన్ని. రెండోది తినలేకపోయాను. బయల్దేరేటప్పుడు మారెక్క ఎర్రిస్వామికి ఫోను చేసి, అందరికీ వినబడేలా, "రేపట్నుంచి మాకు పొద్దున, వాళ్ళకు సాయంత్రం. మా మొగోళ్ళు ఏమన్నా అంటే నా పేరు చెప్పు" అంది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో లింగమ్మ నిద్రపోయింది. తల సువార్తమ్మ భుజం మీదికి ఒరిగింది. ఊరొచ్చేదాకా సువార్తమ్మ కదలకుండా కూర్చుంది.

సాయంత్రపు నీళ్ళు

అంతా సాఫీగా అయిందని చెబితే అబద్ధం. మొదటి సాయంత్రం నీళ్ళు వదిలారు. పొద్దుట వేళ అయితే సగం మంది పనుల్లో ఉంటారు, సాయంత్రం అందరూ ఇళ్ళలోనే ఉన్నారు. అన్ని కొళాయిలూ ఒక్కసారే తిప్పారు. సువార్తమ్మ ఇల్లు ఊరికి దిగువన చర్చి వీధిలో, పైపు చివర. అక్కడికొచ్చేసరికి నీళ్ళు దారంలా సన్నగా పడుతున్నాయి. బిందె సగం నిండడానికే చాలాసేపు పట్టింది. గ్రేసి బిందె పక్కన కూర్చుని ఎక్కాలు అప్పజెప్పుకుంటోంది.

నాగవేణి మొహం చిన్నబోయింది. ఊరంతా గంట జరిపాం, రెండు ఊళ్ళను కలిపాం, తీరా చూస్తే పైపు చివరి ఇంటికి మళ్ళీ తక్కువే.

అప్పుడు పై వీధిలోంచి లింగమ్మ గొంతు వినబడింది. "నాది నిండింది, మూసేసినా. నిండినోళ్ళు మూయండి. కిందోళ్ళకు పోనీండి." ఇంటింటికీ పోయి చెబుతోంది. కొందరు మూశారు. కొందరు మూయలేదు, ఒకామె గట్టిగానే తగువాడింది. తిప్పేస్వామి కూడా వచ్చి నాలుగిళ్ళ ముందు నిలబడ్డాడు. దారం కాస్త తాడంత లావైంది. నీళ్ళు ఆగేసరికి సువార్తమ్మకు పొద్దున వచ్చేవాటికంటే ఒక బిందె తక్కువ దొరికాయి.

"చాలు" అంది ఆమె. "బట్టలు ఆదివారం ఉతుక్కుంటా. పనికి పోతే చాలు." వీధుల వంతున నీళ్ళు వదిలే మాట ఎర్రిస్వామితో మాట్లాడాలని నాగవేణి అంది. ఇప్పటికీ ఆ మాటలు నడుస్తూనే ఉన్నాయని మొన్న ఫోనులో చెప్పింది.

తిరుగు ప్రయాణం

బయల్దేరే రోజు పొద్దున్నే గుట్ట దగ్గరికి వెళ్ళాను. ఇంకా చీకటి పూర్తిగా విడలేదు. నేను వెళ్ళేసరికే సువార్తమ్మ అక్కడ ఉంది, అందరికంటే ముందొచ్చి రాయి మీద కూర్చుని. తిప్పేస్వామి పేర్లు పిలుస్తూ ఆమె పేరు దగ్గరికి రాగానే తలెత్తి చూశాడు.

"ఉండా" అంది.

"ఉండావులే, కనపడతాండావు" అన్నాడు. ఆ మాటకు వెనక ఎవరో నవ్వారు. ఫోటోకు నిలబడినప్పుడు లింగమ్మ ఆమెను తన పక్కకు లాక్కుంది. నేను కాసేపు ఉండి, అందరికీ చెప్పి, నాగవేణి ఇంటికి వచ్చేశాను. సువార్తమ్మ గంప దించకుండానే, "వానలప్పుడు రా అమ్మా" అంది.

బడి వదిలాక నాగవేణి నన్ను ఆటో ఎక్కించింది. అప్పటికి మిట్టమధ్యాహ్నం. ఎండ మొహం మీద కొడుతోంది. గాలి కూడా వేడెక్కి ఉంది. ఆటో గుట్ట కిందుగా మలుపు తిరిగింది. వాలంతా కొత్తగా తవ్విన కందకాలు, పక్కన తడి ఆరిన ఎర్రమట్టి కుప్పలు. ఒక్క మనిషి లేడు.

డ్రైవరు అటు చూసి, "ఏమమ్మా, ఈ పొద్దు పని లేనట్లుండాది" అన్నాడు.

"ఉంది. అయిపోయింది. అందరూ ఇళ్ళకు చేరారు" అన్నాను.